కొండ దిగేలోగా కడుపు ఆగాలి

యారాడకు మూడు వైపులా కొండ, నాలుగో వైపు సముద్రం. పట్నం చేరాలంటే కొండ ఎక్కి దిగాల్సిందే. ఆదివారం నాడు బీచికి వచ్చే పట్నవాసులకు ఆ ఘాటు రోడ్డు ఒక వేడుక. మలుపు మలుపుకూ బండి ఆపి ఫొటోలు తీసుకుంటారు. కింద సముద్రం, అవతల డాల్ఫిన్స్ నోస్, దాని మీద దీపస్తంభం. చూడముచ్చటైన చోటే, కాదనడానికి లేదు. అదే రోడ్డు మీద రోజూ ఉద్యోగానికి పోయి వచ్చే కడుపుజబ్బు మనిషికి మాత్రం ఆ మలుపులు లెక్కపెట్టుకోవడానికే పనికొస్తాయి. ఇంకా ఎన్ని ఉన్నాయి, కింద మల్కాపురం వచ్చేదాకా ఆగగలనా, లేదా?

ఈ వ్యాసకర్తకు పెద్దపేగు పూత జబ్బు వచ్చి పదకొండేళ్ళయింది. రేవు దగ్గర ఒక సరుకుల క్లియరింగు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. వచ్చిన ఓడల సరుకు కాగితాలు రాయడం, కస్టమ్స్ వారికి పంపడం, బిల్లులు సరిచూడడం. కూర్చుని చేసే పనే కదా, కడుపుజబ్బుకు ఇంతకంటే సుఖమైన ఉద్యోగం ఏముంటుంది అని ఊళ్ళో అంటారు. వలకు పోయేవాడి కష్టంతో పోలిస్తే నిజమే కావచ్చు. కాని కుర్చీలో కూర్చున్నవాడు గంటకోసారి లేస్తే నలుగురి కళ్ళూ అతని మీదే ఉంటాయి. ఆ కళ్ళకు భయపడి నేను చేసిన తెలివితక్కువ పనులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లాలో ఇలాంటి జబ్బుతో ఆఫీసుకో, ఫ్యాక్టరీకో పోతూ ఎవరికీ చెప్పుకోలేనివారు ఇంకా ఉంటారని నా నమ్మకం.

మొలలు అన్నారు, అమీబా అన్నారు

మొదట విరేచనంలో నెత్తురు చార కనబడింది. మొలలు అనుకున్నాను. నాటుమందు వాడాను. తరువాత జిగట. మందుల దుకాణంలో అడిగితే అమీబా అని మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులు తగ్గినట్టు ఉండి మళ్ళీ మొదలయ్యేది. రోజుకు నాలుగుసార్లు, ఆరుసార్లు, తరువాత లెక్క తప్పింది. రాత్రి నిద్రలో లేచి పరుగెత్తాల్సి వచ్చేది. ఒళ్ళు తీసింది. మా అమ్మ మాత్రం "ఇది గ్రహణిరా బాబూ, పాతకాలం జబ్బు, అంత తొందరగా ఒదలదు" అనేది.

అమ్మ మాటలో సగం నిజం ఉంది, సగం లేదు. తెలుగునాట గ్రహణి పేరు చెబితే గుర్తుకు రావలసిన మనిషి భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే గ్రహణి జబ్బు ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆయనకూ సోకితే మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చేతి మందుతో కోలుకున్నారు. తరువాత అమెరికా వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ జబ్బుకు పనికొచ్చే మందు అది. 1948లో ఆయన కన్నుమూశారు. ఆ గ్రహణి చిన్నపేగుకు వచ్చేది, దానికి మందుతో కుదురు ఉంది. నాకు వచ్చింది వేరు.

ఇది పెద్దపేగు లోపలి పొర పూసి, పుండై, నెత్తురు కారే జబ్బు. పురీషనాళం దగ్గర మొదలై పైకి పాకుతుంది. మన ఒంట్లో రోగాలను ఎదిరించవలసిన శక్తే దారి తప్పి సొంత పేగు మీద పడడం వల్ల వస్తుందని డాక్టర్లు చెబుతారు. అలా ఎందుకు దారి తప్పుతుందో పూర్తిగా తేల్చినవారు ఇంతవరకు లేరు. అంటువ్యాధి కాదు. ఒకరి కంచంలో తింటే మరొకరికి రాదు. మందుతో అణుగుతుంది, నెలల తరబడి, ఏళ్ళ తరబడి కూడా అణిగి ఉంటుంది. కాని వేళ్ళతో సహా పోయిందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

రెండు మూడు వారాలు దాటి విరేచనాలు, అందులో నెత్తురో జిగటో ఉంటే దుకాణం మాత్రలతో కాలం గడపకూడదు. మల పరీక్ష, రక్త పరీక్ష, అవసరమైతే గొట్టం వేసి పెద్దపేగును చూసి చిన్న ముక్క తీసి పరీక్షించడం, ఇవి చేస్తేగాని అమీబా ఏదో, పేగు క్షయ ఏదో, పూత ఏదో తేలదు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రిలోనే ఇందుకు ప్రత్యేకమైన ఉదరకోశ విభాగం ఉంది. నేను అక్కడిదాకా పోవడానికి ఏడాదిన్నర పట్టింది. దూరం పదిహేను కిలోమీటర్ల లెక్కే. సిగ్గు దూరం ఎక్కువ.

కొండ మీద ఒక ఉదయం

ఆ ఏడాదిన్నరలో ఒక సోమవారం జరిగింది చెబుతాను. ఊళ్ళో బస్సు ఎక్కాను. కొండ సగం ఎక్కేసరికి ముందు ఒక లారీ చెడిపోయి ఆగింది. బస్సు కదలదు. కడుపులో మెలి తిప్పింది. ఈ జబ్బులో వచ్చే తొందర మామూలు తొందర కాదు, ఎరిగినవారికే తెలుస్తుంది. కదిలితే ప్రమాదం, కదలకపోతే ప్రమాదం. దిగి పొదల్లోకి పరుగెత్తాను. అప్పటికే ఆలస్యమైంది. లేత రంగు పంట్లాము. నెత్తురు.

బస్సు వెళ్ళిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. తరువాత అడ్డదారిన నడిచి ఇల్లు చేరాను. ఆఫీసుకు ఫోను చేసి జ్వరం అని చెప్పాను.

జ్వరం. ఈ మాట ఆ సంవత్సరం ఎన్నిసార్లు వాడానో! జ్వరం, చుట్టాలింట్లో చావు, బస్సు తప్పింది, మళ్ళీ జ్వరం. ఆఫీసులో నన్ను 'జ్వరాల బాబు' అని పిలవడం మొదలుపెట్టారు. రాత్రిపూట తాగి పొద్దున లేవలేక రావడం లేదని కొందరు అనుకున్నారు. ఆ పుకారు నా చెవిన పడినా ఖండించలేదు. నిజం చెప్పడం కంటే తాగుబోతు అనిపించుకోవడమే తేలిక అనిపించింది. చివరికి మెమో వచ్చింది. మరొకసారి ఇలా జరిగితే రానక్కరలేదని దాని సారాంశం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అమ్మ. ఆ కాగితం జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను, ఇంట్లో చూపించలేదు.

మందు మానిన ఫలితం

ఆ తరువాతే పెద్దాసుపత్రికి పోయాను. జబ్బు పేరు తేలింది. మెసలమైన్ అనే మాత్రలు రాశారు. దీనికి అన్నలాంటి పాత మందు సల్ఫాసలజీన్. 1940 ప్రాంతంలో స్వీడన్ లో నన్నా స్వార్ట్జ్ అనే వైద్యురాలు కీళ్ళజబ్బు కోసం వాడుతూ ఉంటే పేగుపూతకు పనిచేస్తున్నదని తేలిందట. ఇప్పటికీ వాడుకలో ఉంది, ధర తక్కువ. చేతిలో డబ్బు ఆడనివారు ఆ సంగతి డాక్టరుగారితో దాచకుండా చెబితే తగిన రకం చూసి రాస్తారు. చెప్పకుండా పూటకు ఒక మాత్ర మింగడం కన్నా అది మేలు.

మాత్రలు మొదలైన రెండు నెలలకు నేను మనిషినయ్యాను. రోజుకు ఒక్కసారే. నెత్తురు లేదు. ఎనిమిది నెలలు అలా గడిచాక ఇంకా మందెందుకని మానేశాను. ఇది నా రెండో తెలివితక్కువతనం. ఈ జబ్బులో మందు రెండు పనులు చేస్తుంది. లేచిన మంటను ఆర్పడం ఒకటి, మళ్ళీ లేవకుండా కాపలా కాయడం రెండోది. బాగున్న రోజుల్లో మింగే మాత్ర రెండో పని కోసం. అది మానిన మూడో నెలలో నడుము నొప్పి వస్తే దుకాణంలో నొప్పి బిళ్ళలు కొని వారం మింగాను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు ఈ జబ్బును రేపవచ్చునని నాకు తెలియదు. సంక్రాంతి వారంలోనే మంచం పట్టాను.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. రోజుకు ఆరుసార్లు, అంతకు మించి నెత్తుటి విరేచనాలు, దానితో జ్వరమో గుండెదడో ఉంటే ఇంట్లో ఉండకూడదు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఈ ఒక్క ముక్క మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలని నా మనవి. స్టీరాయిడ్లు ఇచ్చి మంట దించారు. వాటిని డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. వాటివల్ల నా మొఖం పూరీలా ఉబ్బింది. ఆఫీసుకు పోతే "సెలవు పెట్టి బాగా ఒళ్ళు చేశావే" అన్నారు.

మూడు లైన్ల ఉత్తరం

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు అడిగారు. "ఆఫీసులో ఎవరికైనా చెప్పావా?" లేదన్నాను. ఆయన చీటీ మీద మూడు లైన్లు రాసి సంతకం చేశారు. జబ్బు పేరు. అంటువ్యాధి కాదు. పని మధ్యలో ఏ నిమిషంలోనైనా మరుగుదొడ్డికి పోనివ్వాలి, అప్పుడప్పుడు సెలవు అవసరం కావచ్చు. అంతే.

ఆ చీటీ పట్టుకుని హెడ్ గుమాస్తా గారి బల్ల ముందు నిలబడ్డాను. నోట మాట రాలేదు, చీటీ ఇచ్చాను. చదివారు. మళ్ళీ చదివారు. "ఇది ముందే చెబితే నీకు మెమో ఎందుకు ఇప్పిస్తానయ్యా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తరువాత జరిగినవి చిన్న విషయాలే. కిటికీ పక్కన ఉన్న నా కుర్చీని వెనక వరండా వైపు మార్చారు. అక్కడినుంచి మరుగుదొడ్డి పదడుగులు. పొద్దున అరగంట ఆలస్యమైతే సాయంత్రం అరగంట కూర్చునే ఒప్పందం కుదిరింది. అన్నిటికంటే పెద్దది తాళంచెవి. మా ఆఫీసులో శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి అధికారులది. దానికి తాళం ఉంటుంది, చెవి మేనేజరు గారి బల్ల సొరుగులో ఉండేది. రెండో చెవి చేయించి నాకిచ్చారు. అది నా మొలతాడుకు కట్టుకుని తిరిగాను అంటే నవ్వుతారేమో గాని, నెలకు నూరు రూపాయలు జీతం పెంచినా అంత సంతోషించేవాణ్ణి కాదు. అవసరమైనప్పుడు పోవచ్చునన్న ధైర్యం ఉంటే అవసరమే సగానికి తగ్గిపోతుంది. ఇది నా అనుభవం.

అందరూ ఒక్కలా లేరు. పక్క బల్ల ఆయన నా చెంబు ముట్టుకోవడం మానేశాడు. చీటీలో అంటువ్యాధి కాదని రాసి ఉన్నా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఏడాది పట్టింది ఆయన మళ్ళీ నా చేతి టీ తాగడానికి. మేనేజరు గారు కూడా ఓడ వచ్చిన రోజుల్లో నేను లేకపోతే విసుక్కుంటారు. విసుక్కోవడంలో ఆయన తప్పు లేదు, పని ఆగితే ఆయన మాట పడాలి.

జపాను ప్రధానికీ ఇదే జబ్బు

ఆసుపత్రిలో ఉండగా పక్క మంచం కుర్రవాడు చెప్పాడు. తరువాత నేనే చదివి తెలుసుకున్నాను. జపాను ప్రధానిగా పనిచేసిన షింజో అబేకు కుర్రతనం నుంచీ ఇదే పెద్దపేగు పూత. 2006లో మొదటిసారి ప్రధాని అయ్యి ఏడాదికే 2007 సెప్టెంబరులో దిగిపోయారు. దిగిపోతున్నానని ప్రకటించిన రోజున జబ్బు మాట ఎత్తలేదు. రాజకీయ కారణాలు చెప్పారు. తరువాత ఆసుపత్రిలో ఉండగా అసలు సంగతి ఆరోగ్యమని ఒప్పుకున్నారు. కొత్త మందు దొరికి కుదుటపడ్డాక 2012 డిసెంబరులో మళ్ళీ ప్రధాని అయ్యారు. ఎనిమిదేళ్ళకు దగ్గరగా పనిచేశారు. ఆ దేశంలో అంతకాలం ఆ పదవిలో ఉన్నవారు వేరే లేరు. 2020 ఆగస్టులో జబ్బు తిరగబెడితే ఈసారి జబ్బు పేరు చెప్పే దిగిపోయారు. 2022లో ఆయనను ఒకడు కాల్చి చంపాడు, అది వేరే కథ.

దేశాన్ని ఏలే మనిషి కూడా మొదటిసారి నోరు విప్పలేకపోయాడు. నేను మెమో జేబులో పెట్టుకుని తిరిగిన నాలుగు రోజులు గుర్తుకు వచ్చి కొంత ఊరట కలిగింది.

క్యారేజీలో ఏమిటి

ఊళ్ళో అందరూ అడిగేది ఇదే. ఏం తింటున్నావు, ఏం మానేశావు? ఈ జబ్బును పోగొట్టే పత్యం అంటూ ఏదీ లేదు. తిండివల్ల వచ్చిన జబ్బూ కాదు. ఒకరికి పడేది మరొకరికి పడదు. నేను మూడు నెలలు ఒక నోటుబుక్కులో ఏ పూట ఏం తిన్నదీ, తరువాత కడుపు ఎలా ఉన్నదీ రాశాను. గుమాస్తా పని కదా, రాయడం అలవాటే. నాకు పాలు పడవని, పెరుగు పడుతుందని అందులోనే తేలింది.

జబ్బు లేచిన రోజుల్లో మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు, పల్చటి గంజి. తొక్కలు, గింజలు, పీచు ఎక్కువున్న కూరలు ఆ నాలుగు రోజులూ దూరం. అణిగాక మామూలు తిండే, కారం తగ్గించి. చేప మానమని ఏ డాక్టరూ చెప్పలేదు. సముద్రం ఒడ్డున పుట్టి చేప మానాలంటే అదొక జబ్బు. పులుసులో మిరపకాయ సగానికి తగ్గించాము, అంతే. మా అమ్మకు ఆ పులుసు రుచించదు, విడిగా కలుపుకుంటుంది. చోడి అంబలి పొద్దున నాకు బాగా పడుతుంది, అందరికీ పడుతుందని చెప్పలేను.

మొదట్లో నేను చేసిన మూడో తెలివితక్కువ పని ఆఫీసులో తిండి, నీళ్ళు మానేయడం. తినకపోతే పోనక్కరలేదు కదా అని. విశాఖ ఎండలో నీళ్ళు లేకుండా సాయంత్రం దాకా కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి, మూత్రం మంట. పైగా ఖాళీ కడుపు ఊరుకోదు, సాయంత్రం బస్సులోనే మొదలుపెడుతుంది. విరేచనాలు ఉన్నప్పుడు నీళ్ళు మరింత తాగాలి, ఉప్పు పంచదార కలిపిన పొట్లాల నీళ్ళయితే ఇంకా మంచిది. నెత్తురు పోవడంవల్ల రక్తం తగ్గుతుంది, దానికి డాక్టరు ఇచ్చే ఇనుము మందు వేరు.

ఇప్పుడు నాలుగింటికే లేస్తాను. కడుపు తన పని తాను ముగించుకోవడానికి దానికి రెండు గంటలు ఇస్తాను. సంచిలో ఒక జత బట్టలు, సబ్బు, నీళ్ళ సీసా, ముదురు రంగు పంట్లామే తొడుగుడు. దారిలో ఎక్కడెక్కడ మరుగుదొడ్లు ఉన్నాయో మల్కాపురం నుంచి పాత పోస్టాఫీసు దాకా నాకు కంఠతా వచ్చు. ఏ పెట్రోలు బంకువారు మంచివారో, ఏ హోటలువారు టీ తాగితేగాని పోనివ్వరో చెప్పగలను. కొండ మీద మాత్రం ఏమీ లేదు. బీచికి ఇంతమంది వస్తున్న ఊరికి ఆ దారిలో ఒక్కటైనా ఉంటే పట్నవాసులకూ పనికొస్తుంది.

ఆడవారి సంగతి తలచుకుంటే నా కష్టం కష్టమే కాదు. పొదల్లోకి పరుగెత్తే వీలు వారికి లేదు. ఫ్యాక్టరీలో ఆడవారికి, మగవారికి విడివిడిగా, శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఉన్నా, తాళం ఎవరి దగ్గర ఉన్నదన్నది మరో ప్రశ్న.

సెలవు సంగతి

జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవారు జబ్బు సెలవును వదులుకోవద్దు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కట్టి ఉంటే, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. మన వైపువారికి మల్కాపురంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. నేను ఆ తొమ్మిది రోజులూ జీతం లేని సెలవు పెట్టాను. అడగకపోవడమే కారణం. సర్కారు ఉద్యోగులకు మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ సెలవు ఉంటుంది, ఆఫీసులో అడిగితే చెబుతారు. దేనికైనా జబ్బు పేరు కాగితం మీద ఉండాలి. జ్వరం అని రాస్తే జ్వరానికిచ్చే రెండు రోజులే వస్తాయి.

జబ్బు మొదలై ఎనిమిదేళ్ళు దాటినవారు బాగున్నా లేకపోయినా డాక్టరు చెప్పిన వ్యవధిలో గొట్టం పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఎక్కువకాలం పూసిన పేగులో క్యాన్సరు భయం మామూలువారికంటే ఎక్కువ. మొదట్లోనే కనిపెడితే ఉపాయం ఉంటుంది. నాకు వచ్చే నెలలో ఆ పరీక్ష ఉంది. మొన్న సెలవు చీటీ రాశాను. జ్వరం అని రాయలేదు, పెద్దపేగు పరీక్ష అని రాశాను. హెడ్ గుమాస్తా గారు చదివి సంతకం పెట్టబోయి ఆగారు.

"ముందురోజు కడుపు శుభ్రం కావడానికి మందు తాగాలి కదయ్యా, ఆ రోజు కొండ ఎలా దిగుతావు? రెండు రోజులు రాయి" అన్నారు.

ఒకటిని రెండుగా దిద్ది ఇచ్చాను.